ఎవరి ఒడ్డు? ఏనాటి ఒడ్డు?

పాడు చేసిన చోటును బాగు చేస్తే ఆ బాగు ఎవరికి చెందాలి? మూతపడిన ఫ్యాక్టరీలు, గోదాములు, రేవులు ఉన్న నీటి ఒడ్డులను శుభ్రం చేసి, చెట్లు నాటి, ప్రజలకు అంకితం చేసే పని కొన్ని దశాబ్దాలుగా ప్రపంచంలోని చాలా నగరాల్లో జరుగుతోంది. దాన్ని పునరుద్ధరణ అంటున్నారు. మాట వినగానే మంచే తోస్తుంది. మురుగు కంటే తేటనీరు మంచిదే, కాంక్రీటు కంటే చెట్టు మంచిదే. కానీ పునరుద్ధరణ అన్న మాటలో ఒక వాగ్దానం కూడా ఉంది. ఇదివరకు ఉన్నదేదో మళ్ళీ తెచ్చి ఇస్తామని. ఏది ఉండేది? ఎవరి దగ్గర ఉండేది? ఇప్పుడు ఎవరి చేతికి ఇస్తున్నారు? భూమి హక్కు గురించి, చాకిరీ గురించి, చరిత్ర రచన గురించి మాట్లాడినప్పుడల్లా మనం అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. వాటినే ఒక పార్కు ముందు నిలబడి అడగాలని ఈ వ్యాసం.

ఆ పార్కు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, హార్బర్ వంతెనకు పడమటి పక్కన ఉంది. పేరు బరంగరూ. అక్కడ 1840ల నుంచి 1921 దాకా బొగ్గు నుంచి గ్యాసు తీసే ఫ్యాక్టరీ నడిచింది. దాని తారు, విషాలు నేలలో దిగిపోయాయి. చుట్టూ రేవులు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఓడ కూలీలు ఒక రేవు నుంచి ఇంకో రేవుకు పని కోసం తిరిగి తిరిగి ఆ దారికి 'ఆకలి మైలు' అని పేరు పెట్టుకున్నారు. 1960ల తర్వాత కొండకొమ్మును చెక్కి, నీటిని పూడ్చి, కంటైనర్లు దించడానికి బల్లపరుపు కాంక్రీటు మైదానం చేశారు. ఈ శతాబ్దం మొదటి దశకంలో సరుకు ఓడలు వేరే రేవులకు తరలిపోయాయి. మొత్తం 22 హెక్టార్ల స్థలం ఖాళీ అయింది. అందులో ఉత్తరపు చివర 6 హెక్టార్లలో, పోయిన కొండకొమ్మును మళ్ళీ కట్టి 2015 ఆగస్టులో జనానికి తెరిచారు. 1836 నాటి తీరరేఖను ఆధారంగా తీసుకున్నారు. ఆ నేలలోంచే పదివేల ఇసుకరాతి దిమ్మెలు కోసి తీసి, ఎక్కువ భాగాన్ని నీటి అంచున పేర్చారు. రాతిపొడి, కంపోస్టు కలిపి మట్టిని తయారు చేశారు. 75,000కు పైగా మొక్కలు నాటారు. దాదాపు అన్నీ సిడ్నీ ప్రాంతపు జాతులే. ఆ కొండ కడుపులో 300 కార్లు పట్టే పార్కింగు ఉంది.

ఈ పార్కు బాగాలేదని నేను అనను. ఊరి నడిబొడ్డున, చదరపు అడుగు ధర ఆకాశంలో ఉన్నచోట, టిక్కెట్టు లేకుండా ఎవరైనా వచ్చి కూర్చోగల నీటి ఒడ్డు మిగలడం సామాన్యమైన సంగతి కాదు. అడగాల్సింది అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు పేరు సంగతి. బరంగరూ ఒక స్త్రీ. బ్రిటిష్ వలస ఓడలు 1788లో దిగేనాటికి ఆ తీరంలో ఉన్న కామెరైగల్ తెగ మనిషి. చేపలు పట్టడం ఆమె వృత్తి. అక్కడ గాలంతో చేపలు పట్టేది స్త్రీలే. గుల్లను అరగదీసి కొక్కెం చేసుకునేవాళ్ళు, చెట్టు నారతో తాడు పేనుకునేవాళ్ళు. బెరడుతో చేసిన పడవలో, మట్టి ముద్దమీద నిప్పు రాజేసుకుని, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకుని నీటిమీద గంటలు గడిపేవాళ్ళు. ఆ పడవను వాళ్ళు 'నావీ' అనేవారు. మన నావకు దానికీ చుట్టరికం లేకపోయినా చెవికి సొంతంగా వినిపిస్తుంది. ఆడపిల్లల ఎడమచేతి చిటికెన వేలి పైభాగాన్ని తీసేసే ఆచారం ఉండేది. అది చేపలు పట్టే స్త్రీ గుర్తు. అంటే ఆ నీటితో సంబంధం ఒంటిమీదే రాసి ఉండేది.

1789లో మశూచి వచ్చి ఆ ప్రాంతపు ఆదివాసులను ఊచకోత కోసింది. బరంగరూ మొదటి భర్త అందులో పోయాడు. ఇద్దరు పిల్లలూ పోయారు. తర్వాత ఆమె బెనెలాంగ్ భార్య అయింది. గవర్నరుతో స్నేహం చేసిన మనిషిగా చరిత్ర పుస్తకాలు గుర్తుపెట్టుకున్నది అతన్ని. ఆమె మాత్రం గవర్నరు బల్ల దగ్గరకు కూడా వాళ్ళిచ్చిన బట్టలు కట్టుకోకుండానే వెళ్ళింది. 1790 చివర్లో వలసవాళ్ళ వలలకు ఒక్కసారిగా వేలకొద్దీ చేపలు పడితే గవర్నరు కొన్ని చేపలను బెనెలాంగ్‌కు పంపాడు. చేపలు తెచ్చేదీ పంచేదీ స్త్రీలే అయిన సమాజంలో, మగవాళ్ళు మగవాళ్ళకు అన్ని చేపలు కానుకగా పంపుకోవడం ఆ స్త్రీల స్థానాన్ని కాళ్ళకింద నుంచి లాగేయడమేనని చరిత్రకారిణి గ్రేస్ కార్‌స్కెన్స్ వ్యాఖ్యానించారు. ఆమె 2009లో వెలువరించిన 'ది కాలనీ' చదివితే బరంగరూ కోపం ఎక్కడిదో అర్థమవుతుంది. 1791లో ఒక ఆదివాసీ స్త్రీ చేపల సామాను దొంగిలించిన ఖైదీని అందరిముందు కొరడాతో కొట్టించారు. న్యాయం చేస్తున్నామని చూపించడానికే అక్కడి ఆదివాసులను పిలిచారు. సామాను పోగొట్టుకున్న స్త్రీ ఏడ్చింది. బరంగరూ కర్ర పట్టుకుని కొట్టేవాడి మీదికి వెళ్ళింది. అదే సంవత్సరం, ఒక ఆడపిల్లను కన్న కొన్నాళ్ళకు ఆమె చనిపోయింది. ఆమె గాలాన్ని, తాళ్ళను ఆమెతోపాటే దహనం చేశారు.

ఇవన్నీ మనకు తెలిసింది ఆ వలస అధికారుల డైరీల వల్లే. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఇంకా బతికి ఉన్నారు, తమ గొంతుతో చెప్పగలిగారు. బరంగరూకు ఆ అవకాశం లేదు. ఆమె గురించి రాసినవాళ్ళు ఆమె నేలను తీసుకున్నవాళ్ళు. అయినా ఆ రాతల మధ్యనుంచి ఒక్కటి స్పష్టంగా వినిపిస్తుంది. ఆమె ఒప్పుకోలేదు.

ఒప్పుకోని స్త్రీ పేరును 2006-07 ప్రాంతంలో ప్రభుత్వం ఆ రేవు స్థలానికి పెట్టింది. పార్కుకు దక్షిణంగా అదే పేరు కింద ఆఫీసు భవనాలు, ఖరీదైన అపార్టుమెంట్లు, 271 మీటర్ల క్రౌన్ టవరు లేచాయి. ఆ టవరులో 2022 నుంచి కేసినో నడుస్తోంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటాం మనం. ఇక్కడ ఊరు కూడా గొప్పగానే ఉంది. అందుకే అనుమానించడం ఇంకా కష్టం. మన నదులన్నిటికీ ఆడపేర్లే. గంగమ్మ అని మొక్కుతాం, తల్లీ అని పిలుస్తాం. ఆ ఒడ్డున సెంటు భూమి కూడా ఆడదాని పేరున ఉండదు. పేరు ఇవ్వడం ఒక గౌరవమే. హక్కు ఇవ్వకుండా తప్పించుకోవడానికి అదే అన్నిటికంటే చవకైన మార్గం కూడా.

ఇక రెండో ప్రశ్న, ఈ కొండ నిజమైనదేనా అన్నది. ఆస్ట్రేలియా తత్వవేత్త రాబర్ట్ ఎలియట్ 1982లో 'ఫేకింగ్ నేచర్' అనే వ్యాసం రాశాడు. గనుల కంపెనీలు తవ్వేసి, తర్వాత అచ్చం ఇదివరకటిలాగే చేసిస్తామంటే ఒప్పుకోకూడదన్నది ఆయన వాదన. నకలు చిత్రం ఎంత బాగున్నా అసలు చిత్రం కానట్టే, మనిషి చేసిన ప్రకృతి అసలు ప్రకృతి విలువను పొందదని. తవ్వకాలకు ముందే అనుమతి కొట్టేసే కంపెనీలకు ఈ మాట చెప్పి తీరాల్సిందే. కానీ ఆ పోలికలో ఉన్న చూపు గ్యాలరీలో బొమ్మను చూసేవాడి చూపు. ప్రకృతిలో పనిచేసే మనిషి చూపు కాదు. మన ఇళ్ళలో పాత చీరలు కుట్టి బొంతలు చేస్తారు. బొంతను ఎవరూ నకిలీ చీర అనరు. అది చీర కాదని కుట్టినామెకూ తెలుసు. బొంత గురించి అడిగే ప్రశ్న వేరు. వెచ్చగా ఉందా, ఎవరు కప్పుకుంటున్నారు అని. బరంగరూ కొండ కట్టుడు కొండ కావడంలో నాకు తప్పేమీ కనిపించదు. తప్పంటూ ఉంటే అది కప్పుకునే మనుషుల లెక్కలో ఉంటుంది.

ఆ లెక్క తీయాలంటే తేదీ చూడాలి. ఒక చోటును పూర్వస్థితికి తేవడమంటే ఎప్పటి పూర్వస్థితికి? 1788 అంటే ఆదివాసీ స్త్రీల పడవలు రావాలి. 1930లు అంటే ఓడ కూలీలు రావాలి. ఇక్కడ ఎంచుకున్నది 1836. వలస వచ్చి యాభై ఏళ్ళయింది, ఆదివాసుల నుంచి తీరం తీసేసుకున్నారు, పెద్ద రేవులు ఇంకా రాలేదు. తీరరేఖ గీయడానికి వీలుగా ఉండే కాలం, మనుషుల బాకీ అడగని కాలం. దాన్ని ఎంచుకున్నవాళ్ళు కుట్ర చేశారని నేననడం లేదు. తీరరేఖను మాత్రమే పునరుద్ధరించాల్సిన వస్తువుగా చూస్తే తేదీ అలాగే దొరుకుతుంది. రాళ్ళకు తేదీ ఉంటే చాలు. మనుషుల సంబంధాలకు ఒక్క తేదీ సరిపోదు.

పార్కుకు ఆనుకునే మిల్లర్స్ పాయింట్ అనే పేట ఉంది. 1900లో ప్లేగు వచ్చినప్పుడు ప్రభుత్వం అక్కడి రేవులను, ఇళ్ళను స్వాధీనం చేసుకుంది. తర్వాత తరతరాలుగా ఓడ కూలీల కుటుంబాలు ఆ సర్కారు ఇళ్ళలో అద్దెకున్నాయి. పార్కు తెరవడానికి ఏడాదిన్నర ముందు, 2014 మార్చిలో, మిల్లర్స్ పాయింట్, దాని పక్కనున్న రాక్స్ ప్రాంతాల్లోని 293 సర్కారు ఇళ్ళను అమ్మేస్తామని ప్రకటించారు. ప్రభుత్వం చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేం. పాత ఇళ్ళ మరమ్మతు ఖర్చు ఎక్కువ, ఇక్కడ ఒక ఇల్లు అమ్మితే దూరంగా చాలా ఇళ్ళు కట్టొచ్చు, ఇంటికోసం ఏళ్ళతరబడి ఎదురుచూస్తున్న పేదలు ఉన్నారు. అంకెల్లో ఇది న్యాయంగానే ఉంది. కానీ ఇల్లంటే నాలుగు గోడలే అయినప్పుడే ఆ లెక్క కుదురుతుంది. ముసలి వయసులో పక్కింటామె తలుపు తట్టి అన్నం తిన్నావా అని అడగడం, మందుల షాపు దాకా చేయి పట్టుకుని నడిపించడం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలో తెలిసి ఉండటం ఏ బడ్జెట్టులోనూ రాదు. ఈ పనులు చేసేది ఎక్కువగా స్త్రీలు, చేయించుకోవాల్సి వచ్చేదీ ఎక్కువగా ఒంటరి ముసలి స్త్రీలే. అందుకే అవి లెక్కకు రావు. సిరియస్ అనే సర్కారు భవనంలో చివరిగా మిగిలిన మనిషి తొంభై దాటిన, చూపు దాదాపు లేని ఒక వృద్ధురాలు. 2018 మొదట్లో ఆమె కూడా వెళ్ళిపోయింది. భవనాన్ని మరుసటి ఏడాది అమ్మేశారు. నీటి ఒడ్డు ప్రజలది అయిన సంవత్సరాల్లోనే అక్కడి ప్రజలు వేరేచోటివాళ్ళయ్యారు.

ఇలా కాకుండా జరిగిన సందర్భం కూడా అదే నగరంలో ఉంది. నీటివెంట కొంచెం పైకి వెళితే హంటర్స్ హిల్ అనే సంపన్నుల పేట. తగరం కరిగించే ఫ్యాక్టరీకీ ఇళ్ళకూ మధ్య అడ్డుగా వదిలేసిన ఒక చిట్టడవి అక్కడ ఉండేది, పేరు కెల్లీస్ బుష్. 1960ల చివర ఫ్యాక్టరీ వెళ్ళిపోయాక అక్కడ ఖరీదైన ఇళ్ళు కట్టబోయారు. 1970లో 13 మంది గృహిణులు కమిటీగా ఏర్పడి మేయరు నుంచి రాష్ట్ర ప్రభుత్వం దాకా అందరినీ అడిగారు. ఎవరూ వినలేదు. చివరికి, తమ వర్గానికి ఏమాత్రం పొసగని నిర్మాణ కూలీల యూనియన్ దగ్గరకు వెళ్ళారు. 1971లో జాక్ మండీ నాయకత్వంలోని ఆ యూనియన్ అక్కడ పని చేయమని తేల్చిచెప్పింది. ఆ అడవిలో కడితే అదే కంపెనీ వేరేచోట కడుతున్న భవనాన్ని సగంలో వదిలేస్తామంది. ప్రపంచంలో మొదటి 'గ్రీన్ బ్యాన్' అదేనంటారు. 1983లో ప్రభుత్వం ఆ స్థలం కొని జనానికి ఉంచింది. చెట్లకోసం కూలి వదులుకున్నది కూలీలు. నిర్మాణ స్థలాల్లో ఆడవాళ్ళకు పని హక్కు కోసం కూడా ఆ యూనియన్ నిలబడింది. రాక్స్‌లోని పేదల ఇళ్ళు కూల్చకుండా 1970ల్లో ఆపిందీ వాళ్ళే. సిరియస్ కట్టింది అక్కడివాళ్ళకు ఇళ్ళివ్వడానికే. మధ్యతరగతి గృహిణులకు ఒకనాడు దొరికిన ఆ తోడు, నలభై ఏళ్ళ తర్వాత మిల్లర్స్ పాయింట్ ముసలమ్మలకు సరిపడినంత దొరకలేదు. నిరసనలు జరిగాయి, యూనియన్లు వచ్చాయి, అమ్మకం మాత్రం ఆగలేదు. పర్యావరణం గెలిచిన చోట వర్గం ఏమైందని మనం అడుగుతూనే ఉండాలి.

ఇంకో ఇద్దరు స్త్రీలను తలుచుకోవాలి. జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్ళు 1960ల్లో సిడ్నీ రేవు ఒడ్డునే మాస్మన్‌లోని అడవిలో రోజూ నడుస్తూ కలుపు పీకేవారు. వాళ్ళ పద్ధతి చాలా సులువైనది. బాగున్నచోటు నుంచి మొదలుపెట్టి పాడైనచోటు వైపు వెళ్ళాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించాలి. అక్కడి మొక్క తనంతట తాను తిరిగొచ్చే వేగాన్ని మించి ముందుకు పోకూడదు. మన చేలల్లో వంగి కలుపు తీసే ఆడకూలీలకు ఇందులో సగం ఎవరూ నేర్పనక్కరలేదు. పదివేల దిమ్మెలు, 75,000 మొక్కలు ప్రారంభోత్సవానికి సిద్ధమవుతాయి. కలుపు తీతకు ప్రారంభోత్సవం ఉండదు. వందనా శివ వంటివాళ్ళు స్త్రీకీ ప్రకృతికీ సహజ బంధం ఉందన్నప్పుడు, బీనా అగర్వాల్ 1992లో దాన్ని ప్రశ్నించారు. ఆ బంధం రక్తంలోంచి రాదు, ఎవరు ఏ పని చేస్తారు, ఎవరికి ఏ వనరు మీద అధికారం ఉంది అన్నదాంట్లోంచి వస్తుందని. బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళ చేతుల్ని, బరంగరూ చిటికెన వేలిని చూస్తే నాకు ఆ మాటే సరైనదనిపిస్తుంది.

అందుకే నా పరీక్ష చేప దగ్గర పెడతాను. పార్కు పక్కనున్న మర్రినావీ కోవ్‌లో 2023 జనవరి నుంచి ఈత కొట్టనిస్తున్నారు. మర్రినావీ అంటే పెద్ద పడవ. నీళ్ళు ఈదేంత శుభ్రపడటం నిజమైన విజయం. కానీ హార్బర్ వంతెనకు పడమట పట్టిన చేపను తినవద్దని ప్రభుత్వ సలహా. బరంగరూ పార్కు ఉన్నది ఆ పడమటి వైపే. 2006లో ఆ రేవంతటా చేపల వ్యాపారాన్నే ఆపేశారు. కారణం అడుగు మట్టిలో ఉన్న డయాక్సిన్లు. అవి ఎక్కువగా వచ్చింది నదికి ఎగువన హోమ్‌బుష్ బే ఒడ్డున, రోడ్స్‌లో కలుపు మందులు తయారు చేసిన ఫ్యాక్టరీ నుంచి. దాన్ని నడిపినది యూనియన్ కార్బైడ్. 1984 భోపాల్ తర్వాత మన దేశంలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. పారమట్టా చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి నుంచి నగరానికి వచ్చే ఫెర్రీ ఆ బే ముందునుంచే సాగి బరంగరూ రేవులో ఆగుతుంది. ఒకే నీరు.

ఈదవచ్చు, తినకూడదు. ఈ రెండు మాటల మధ్య తేడా చాలా పెద్దది. ఈదేవాళ్ళు అతిథులు. చూసి, తడిసి, ఇంటికి వెళతారు. తినేవాళ్ళు ఆ నీటితో బతుకుతారు. చేపలు పట్టిన స్త్రీ పేరున్న ఒడ్డున చేప విషమైనంతకాలం, అక్కడ పునరుద్ధరణ అయింది దృశ్యం మాత్రమే. సంబంధం ఇంకా బాకీ ఉంది. ఆ బాకీ తీరడానికి చాలా తరాలు పట్టొచ్చు, మట్టిలోని డయాక్సిన్ మన తొందరను లెక్కచేయదు. బాకీ ఉందని రాసి ఉంచడం మాత్రం రేపే చేయొచ్చు. విజయోత్సవ ఫలకం మీద ఆ హెచ్చరికను కూడా చెక్కితే, బరంగరూకు అది పేరు పెట్టడం కంటే పెద్ద గౌరవం.

ఈ ప్రశ్నలు మనకు దూరం కాదు. మూసీ ఒడ్డు అభివృద్ధికి 2017లోనే కార్పొరేషన్ పెట్టారు. 2024 సెప్టెంబరు చివర్లో నదీగర్భంలోని ఇళ్ళ గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ పక్కనున్న బస్తీల నుంచి కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. వరద వచ్చే చోట పేదలు ఉండాలని నేను కోరను, 1908 వరదను హైదరాబాదు మరచిపోలేదు. అయితే నలుగురి ఇళ్ళలో పనిచేసుకుని బతికే ఆమెకు ఆ ఇళ్ళు దగ్గరుండాలి. ఊరు దాటిన తర్వాత అదే మురికినీటితో పశువుల గడ్డి, ఆకుకూరలు పండించి, కోసి, కట్టలు కట్టి అమ్ముకునే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ కాళ్ళకు పుండ్లు పడేదీ ఆ నీళ్ళతోనే, కడుపు నిండేదీ ఆ నీళ్ళతోనే. నీరు బాగుపడితే మొదట లాభపడాల్సింది వాళ్ళు. ఒడ్డు మారితే మొదట పోయేదీ వాళ్ళే.

రేపు మూసీ ఒడ్డున ఏ తోట వేసినా, దానికి ఏ తల్లి పేరు పెట్టినా, ముందు ఆ గడ్డి కోసే ఆమెను పిలిచి అడగాలి. ఏ ఏటి మూసీ కావాలమ్మా నీకు, అందులో నీ పని ఎక్కడుండాలి అని. ఆమె చెప్పే తేదీ ఏ పటంలోనూ ఉండకపోవచ్చు. ఆ తేదీతోనే పని మొదలుపెట్టాలి.